నల్లమల కార్చిచ్చు: గణిత అధ్యయనం

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమాన మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల, యర్రగొండపాలెం వైపు పరుచుకున్న నల్లమల ఆకురాల్చే పొడి అడవి. సంక్రాంతి దాటాక ఆకు రాలుతుంది, బోదగడ్డి ఎండుతుంది. అప్పటి నుంచి తొలకరి దాకా కార్చిచ్చు భయమే.

మంటను లెక్కకట్టే శాస్త్రం బయటి దేశాల్లో పెరిగింది. గాలి, వాలు, ఎండుటాకులోని తేమను బట్టి మంట పాకే వేగాన్ని చెప్పే సమీకరణాలను 1972లో అమెరికన్ ఇంజనీరు రిచర్డ్ రాథర్మెల్ ప్రకటించాడు. దాదాపు అదే కాలంలో కెనడాలో అగ్ని వాతావరణ సూచీ రూపుదిద్దుకుంది. దానికి కావలసినవి నాలుగే అంకెలు: మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గడచిన 24 గంటల వాన. ఈ సూచీ గొప్పతనమంతా పాత వానను గుర్తుంచుకోవడంలో ఉంది. సాధారణ వాతావరణంలో పైపైన రాలిన ఆకు తన అదనపు తేమలో మూడింట రెండు వంతులు పోగొట్టుకోవడానికి 16 గంటలు చాలు. దాని కింది పొరకు 12 రోజులు, లోతు పొరకు 52 రోజులు పడుతుంది. అందుకే ఏప్రిల్‌లో ఒక జల్లు పడినా రెండు ఎండలకు ఆకు మళ్లీ అంటుకుంటుంది. ఈశాన్య రుతుపవనం ముఖం చాటేసిన ఏడాది లోతు పొర ముందుగానే ఎండడం మొదలుపెడుతుంది.

ఉపగ్రహాలతో మంటల జాడ తెలిసింది. ఉపగ్రహ చిత్రంలోని ఒకే పిక్సెల్‌లో దాగిన చిన్న మంటను రెండు పరారుణ తరంగదైర్ఘ్యాలను పోల్చి పట్టే పద్ధతిని 1981లో జెఫ్ డోజియర్ చూపాడు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే 2004 నుంచి రాష్ట్రాలకు మంటల సమాచారం ఇస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా ఈ పని చేస్తోంది. ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం పిక్సెల్ ఒక కిలోమీటరు, తర్వాత వచ్చిన విర్స్‌ది 375 మీటర్లు. అంటే మ్యాపులో ఒక విర్స్ చుక్క సుమారు 35 ఎకరాలు. ఆ 35 ఎకరాల్లో నిప్పు ఎక్కడుందో వెతికి, పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేది అటవీ బీట్ సిబ్బంది, చెంచు వాచర్లే.

కెనడా సూచీని పైన్ అడవుల కోసం సరిచూశారు, కాబట్టి దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు వాడలేం. నల్లమలలో నిప్పు ఎక్కువగా మనిషి చేతి నుంచే వస్తుంది కాబట్టి వాతావరణంతో పాటు దారికి, ఊరికి, మేత బీడుకు ఉన్న దూరాన్ని కూడా లాజిస్టిక్ రిగ్రెషన్ వంటి గణాంక పద్ధతుల్లో చేర్చాలి. కాలిన చోటు, తేదీ, వేళ, కారణం బీటుల వారీగా ఏళ్ల తరబడి నమోదైతేనే ఆ లెక్క ఈ అడవికి సరిపడుతుంది.