ఎవరింటి చేతిపని?

థాంక్స్‌గివింగ్ టర్కీ ఎముకలు చెత్తబుట్టలో పడకముందే అమెరికాలో ఇంకో పండగ సందడి మొదలవుతుంది. కిరాణా కొట్లో డబ్బు కట్టే వరసలో నిలబడితే చాలు, పక్కనున్న పత్రికల అట్టలన్నీ ఒకే మాట చెబుతుంటాయి. ఈ క్రిస్మస్‌కి డబ్బు తగలెయ్యకండి, కానుకలూ అలంకారాలూ ఇంట్లోనే చేసుకోండి అని. ఊరి లైబ్రరీలో పైన్ కాయలకి వెండిరంగు వెయ్యడం నేర్పుతారు. ఈ సలహాల వెనక చెప్పీ చెప్పకుండా ఒక చరిత్ర కూడా ఉంటుంది. పూర్వం అందరూ అన్నీ చేత్తోనే చేసుకునేవారట, తరవాత బజారు వచ్చి పండగని పాడుచేసిందట. మన సంక్రాంతి గురించి మనం చెప్పుకునే కథా ఇదే కాబట్టి ఇట్టే నమ్మేస్తాం.

నేను పాతికేళ్ళ పైనుంచీ పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. అమెరికా క్రిస్మస్ చరిత్రలో చెప్పుకోదగ్గ సంఘటనలు చాలా మటుకు మా ఇంటి నుంచి రెండు మూడు గంటల కారు ప్రయాణంలోనే జరిగాయి. అవి చదువుతూ, ఆ ఊళ్ళు చూస్తూ పోతే ఆ కథ అంత తిన్నగా లేదు. కొన్నిచోట్ల తలకిందులుగా ఉంది.

మొదట ఊళ్ళ సంగతి. బెత్లెహెం అనే ఊరు మొరేవియన్లనే జర్మన్ క్రైస్తవులు 1741లో కట్టుకున్నది. 1747 క్రిస్మస్‌కి వాళ్ళు పిల్లల కోసం కర్రలతో గోపురాల్లాంటివి కట్టి, కొమ్మలు చుట్టి, కొవ్వొత్తులూ ఆపిల్ పళ్ళూ అమర్చారని ఊరి దినచర్యలో రాసుకున్నారు. లాంకాస్టర్‌లో 1821 డిసెంబరు 20న ఒకాయన తన డైరీలో, పిల్లలు రంపపు మిల్లు దగ్గర కొండ మీదికి క్రిస్మస్ చెట్ల కోసం వెళ్ళారని ఒక్క ముక్క రాశాడు. ఈ దేశంలో క్రిస్మస్ చెట్టు ప్రస్తావనల్లో బాగా పాతవాటిలో అదొకటి. ఆ చెట్లకి కట్టినవన్నీ తినేవే. ఆపిల్ పళ్ళు, అక్రోట్లు, బిస్కెట్లు, దారానికి గుచ్చిన పాప్‌కార్న్. పండగ అయ్యాక పిల్లలు చెట్టు మీద పడి ఊడ్చేసేవారు. అలంకారం దాచుకోవడమన్న ఆలోచనే అప్పటికి లేదు.

ఆ జర్మన్ రైతుల ఇళ్ళలోదే ఇంకో పద్ధతి ఉంది. ఆకులు లేని మామూలు కొమ్మ ఒకటి నరుక్కొచ్చి, రెమ్మరెమ్మకీ దూది చుట్టేవారు. అదే మంచు కప్పిన చెట్టు. పైసా ఖర్చు లేదు. ఆల్ఫ్రెడ్ షూమేకర్ 1959లో అచ్చువేసిన పెన్సిల్వేనియా క్రిస్మస్ పుస్తకం తిరగేస్తే ఇలాంటి సంగతులు బోలెడు దొరుకుతాయి.

దూది చెట్టు గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. మంచు ఎవరూ ఎరగని ఆ ఎండల దేశంలో మా నాన్న సరుగుడు కొమ్మ తెచ్చి ఇసక పోసిన డబ్బాలో నిలబెడితే, మేం దాని మీద అద్దింది పత్తే. పత్తికి మా వైపు కరువా? సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం ఏడాది పొడుగునా పోగుచేసి, నున్నగా గీకి, నక్షత్రాలు కత్తిరించేవాళ్ళం. ఇంటి మీద కట్టే పెద్ద స్టారుకి వెదురు బద్దలు, గాలిపటం కాగితం, ఉడికించిన మైదా జిగురు. లోపల మొదట్లో లాంతరు, కరెంటు వచ్చాక బల్బు. కొంగల్లా మెడలు ఎత్తుకుని, ఎవరి స్టారు ఎంత ఎత్తున ఉందో వీధి వీధంతా చూసుకునేవాళ్ళం. పేటలో స్టారు లేని ఇల్లంటే చావు జరిగిన ఇల్లని అర్థం. కొనడానికి డబ్బున్నవాళ్ళు మాలో లేరు, అందుకని అది 'చేతిపని' అని కూడా ఎవరికీ తోచలేదు. పండగ పని, అంతే.

గుంటూరుకి లూథరన్ మతం తెచ్చిన ఫాదర్ హయ్యర్ జర్మనీలో పుట్టి, పెన్సిల్వేనియాలో బోధకుడై, ఇక్కడి లూథరన్లు పంపితే 1842 జూలై 31న గుంటూరు చేరిన మనిషి. 1873లో ఫిలడెల్ఫియాలో చనిపోయారు. ఈ రాష్ట్రంలోనే, సోమర్సెట్ ప్రాంతంలో ఆయన సమాధి ఉంది. దూది చెట్టు ఆయన మూటలోంచే వచ్చిందని నేను అనను. దూదీ బీదరికమూ రెండూ ఉన్నచోట మనుషులకి ఒకే ఆలోచన రావడంలో వింత లేదు.

ఇక కానుకల సంగతి. బజారు తరవాత వచ్చిందన్న కథ ఇక్కడే తలకిందులవుతుంది. 1825 చివర్లో ఫిలడెల్ఫియాలో 'ది అట్లాంటిక్ సావనీర్' అనే పుస్తకం బయటికి వచ్చింది. పండక్కి కొని ఇవ్వడానికే తయారైన మొదటి అమెరికన్ పుస్తకం అది. అంటే కానుక కోసమే తయారుచేసిన సరుకు అప్పటికే దుకాణంలో ఉంది. ఆ కాలానికి చేత్తో కానుకలు చేసి పంచడమనే ఆచారం ఇంటింటా పాతుకుపోయి ఉందనుకుంటే పొరపాటు. పిల్లలకి ఒక మిఠాయి, పనివాళ్ళకి ఒక నాణెమో పాత బట్టో, ముఖ్యంగా తిండీ తాగుడూ. ఈ సంగతి చరిత్రకారుడు స్టీఫెన్ నిసెన్‌బామ్ తన క్రిస్మస్ పుస్తకంలో వివరంగా రాశాడు. బజారు కానుక ఇంట్లోకి వచ్చాకే, దానికి ప్రేమ లేదన్న బెంగ పట్టుకుంది. ఆ బెంగకి మందుగా చేతిపని వచ్చింది.

మందు అమ్మిందీ ఫిలడెల్ఫియాయే. 1830లో మొదలైన 'గోడీస్ లేడీస్ బుక్' ఆ రోజుల్లో ఈ దేశపు ఆడవాళ్ళకి పెద్ద బాలశిక్ష. 1850 డిసెంబరు సంచికలో ఒక క్రిస్మస్ చెట్టు బొమ్మ వేశారు. నిజానికి అది విక్టోరియా రాణి కుటుంబం బొమ్మ, 1848లో లండన్ పత్రికలో వచ్చింది. గోడీ వాళ్ళు రాణి కిరీటం చెరిపేశారు, ఆల్బర్ట్ మీసాలు తీసేశారు, అమెరికన్ సంసారం అనిపించేశారు! ఆ పత్రికలో కలం తుడుచుకునే గుడ్డలు, సూదులు గుచ్చుకునే దిండ్లు, కుట్టుపూల చెప్పులు ఎలా చెయ్యాలో నమూనాలు ఇచ్చేవారు. చెప్పుల మీద పూలు కుట్టడానికి బెర్లిన్ ఉన్ని కావాలి. గళ్ళ గుడ్డ కావాలి, రంగుల నమూనా కావాలి. వీటన్నిటినీ మించి, ఖాళీ మధ్యాహ్నాలు కావాలి. వంటపనీ బట్టలపనీ ఇంకొకరు చేసే ఇంట్లోనే అవి దొరుకుతాయి. చవకైన కానుక అన్నమాటలో ఈ ఖర్చు ఎవరూ లెక్కెయ్యలేదు.

ఆ తరవాత వూల్వర్త్. ఫ్రాంక్ వూల్వర్త్ చవక దుకాణం మొదట నిలదొక్కుకున్నది లాంకాస్టర్‌లోనే, 1879లో. మరుసటి ఏడు ఫిలడెల్ఫియాలో ఒక దిగుమతి వ్యాపారి ఆయనకి రంగు గాజు గుండ్లు చూపించాడు. పగిలిపోయేవి, తినడానికి పనికిరానివి, ఎవరు కొంటారని వూల్వర్త్ వెనక్కి తోశాడట. వ్యాపారి పట్టుబడితే 25 డాలర్ల సరుకు ఒప్పుకున్నాడు. రెండు రోజుల్లో కొట్టు ఖాళీ. ఈ సంగతి తరవాత ఆయనే చెప్పుకున్నాడు. అణా కాణీ లెక్కన అమ్మిన ఆ గాజు గుండ్లు పాప్‌కార్న్ దండల్నీ ఆపిల్ పళ్ళనీ పక్కకి నెట్టేశాయి. చేతిపనిని బజారు మింగేసిందని పత్రికలవాళ్ళు చెప్పే ఘట్టం ఇదే.

కానీ ఆ గాజు గుండు ఎక్కడ తయారైంది? జర్మనీలో తురింగియా కొండల్లో లౌషా అనే పల్లె ఉంది. 1597 నుంచీ గాజు ఊదడమే వాళ్ళ బతుకు. 1840ల నుంచీ క్రిస్మస్ గుండ్లు ఊదుతున్నారు. చెట్టుకి కట్టడానికి అక్రోట్లు కొనలేని ఒక బీద పనివాడు వాటిని గాజుతో ఊదుకున్నాడని ఆ ఊళ్ళో ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, పని సంగతి స్పష్టం. అక్కడ ఫ్యాక్టరీ లేదు. వంటింటి పక్క గదే కార్ఖానా. తండ్రి దీపం సెగ మీద గాజు గొట్టాన్ని తిప్పుతూ ఊదుతాడు. తల్లి అందులో వెండి ద్రావణం పోసి కుదిపి, లోపలంతా అద్దంలా మెరిసేలా చేస్తుంది. మేకులు కొట్టిన పలకల మీద ఆరబెడతారు. పిల్లలు రంగులు వేస్తారు, మూతలు బిగిస్తారు. రాత్రి పొద్దుపోయేదాకా ఇదే. ఆ తరవాత ఆడవాళ్ళు గంపలు వీపున కట్టుకుని, కొండ దిగి, సోనెబెర్గ్ టోకు వర్తకుల దగ్గరికి నడిచేవారు. ధర చెప్పేది వర్తకుడే. వూల్వర్త్ 1890లో స్వయంగా అక్కడికి వెళ్ళి చూసి మరీ సరుకు చెప్పి వచ్చాడు.

అంటే లాంకాస్టర్ అమ్మాయి 'ఇంట్లో చేసింది' మానేసి 'కొన్నది' తెచ్చుకున్నప్పుడు, ఆ కొన్నదీ ఇంట్లో చేసిందే. ఇల్లు మారింది, అంతే.

ఇది మన ఇళ్ళకీ వచ్చిన కథ. మా అమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర. మా పెద్దమ్మ వెలుతురున్నంతసేపూ అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. ఏజెంటు దారపు ఉండలు ఇచ్చి, అల్లిన పువ్వులు తీసుకుపోయేవాడు. ఒక ఇంట్లో పువ్వులు, ఇంకో ఇంట్లో వాటిని కలపడం, అలా పనిని ముక్కలు చేసి పంచేవారు. ఎక్కడికి పోతాయే ఇవన్నీ అంటే, "దొరల దేశానికి రా, బల్లల మీద పరుచుకుంటారంట" అనేది. తన బల్ల మీద ఎప్పుడూ పరుచుకోలేదు. తనకి బల్ల లేదు. గోదావరి లంకల్లో ఈ పని 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు నేర్పినది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో నరసాపురం లేసు పనివాళ్ళ మీద పుస్తకం అచ్చువేసింది. రోజంతా అల్లినా చేతికి రూపాయి కూడా రాని సంగతి అందులో ఉంది. వర్తకులు వాళ్ళని పనివాళ్ళని కూడా అనలేదు. ఇంటి ఆడవాళ్ళు, తీరిక వేళల్లో చేసుకునే సరదా పని అన్నారు. గోడీ పత్రిక పూల చెప్పుల గురించి చెప్పిందీ అదే మాట. అక్కడ అది నిజమే కావచ్చు.

అమెరికాలో కానుకల మోత మీద విసుగు దుకాణాల్లో పనిచేసే అమ్మాయిల నుంచీ వచ్చింది. పై అధికారుల కానుకకి ఏటా చందా వేసుకోవలసి వచ్చేది వాళ్ళు. 1912లో న్యూయార్కులో ఎలినార్ బెల్మాంట్, బ్యాంకరు మోర్గన్ కూతురు ఆన్ మోర్గన్ కలిసి పనికిమాలిన కానుకల నివారణకి ఏకంగా ఒక సంఘం పెట్టారు. థియొడోర్ రూజ్వెల్ట్ కూడా చేరాడు. నాలుగైదేళ్ళలో అది చల్లబడింది.

1930ల మాంద్యంలో మాత్రం చేతిపని ముచ్చట కాదు. పిండి బస్తాల గుడ్డతోనే గౌనూ తువ్వాలూ బొమ్మా కుట్టాలి. ఇది గమనించిన మిల్లులవాళ్ళు పూల అచ్చుల బస్తాలు తెచ్చారు. కంపెనీ పేరు ఉతికితే పోయే సిరాతో వేశారు. కొన్ని బస్తాల మీద కత్తిరించి కుట్టుకోవడానికి బొమ్మ గీత కూడా గీసి ఇచ్చారు. ఖర్చులేని కానుక కోసం ఆ పిండే కొనేవారన్న మాట. వ్యాపారి తెలివిని మెచ్చుకోక తప్పదు. అయినా ఆ గుడ్డ బొమ్మని గుండెకి హత్తుకుని పడుకున్న పిల్లకి ఇవేవీ అక్కర్లేదు.

1939లో యుద్ధం రావడంతో జర్మనీ గుండ్లు ఆగిపోయాయి. దిగుమతి వ్యాపారి మాక్స్ ఎకార్ట్ కోర్నింగ్ గాజు కంపెనీని ఒప్పించాడు. మా రాష్ట్రం ఉత్తరాన వెల్స్‌బరోలో కరెంటు బల్బులు ఊదే యంత్రం మీద క్రిస్మస్ గుండ్లు ఊదడం మొదలైంది. నిమిషానికి వందల కొద్దీ. లౌషాలో ఒక కుటుంబం రోజంతా ఊదినవి ఈ యంత్రానికి నిమిషాల పని. ఎవరింట్లోనూ చెయ్యని క్రిస్మస్ గుండు నిజంగా పుట్టింది అప్పుడే. అమెరికా తనే యుద్ధంలో దిగాక లోహాలకి కరువొచ్చింది. లోపలి వెండి పూత పోయింది, రేకు మూత బదులు అట్ట మూత వచ్చింది. పారదర్శకమైన గాజు మీద నాలుగు రంగు చారలు, అంతే. మా ఊరి పాత సామాన్ల సంతలో అలాంటివి ఇప్పటికీ కనిపిస్తుంటాయి. మెరిసేవాటికన్నా వాటికే ధర ఎక్కువ చెబుతారు.

యుద్ధం అయిపోయాక 1946లో, లాంకాస్టర్ పక్కనే ఏక్రన్ అనే చిన్న ఊరి నుంచి ఎడ్నా రూత్ బైలర్ అనే మెనొనైట్ గృహిణి పోర్టోరికో వెళ్ళింది. అక్కడి ఆడవాళ్ళు కుట్టిన గుడ్డలు తెచ్చి, కారు డిక్కీలో పెట్టుకుని ఇరుగుపొరుగుకి అమ్మిపెట్టింది. అదే తరవాత 'టెన్ థౌజండ్ విలేజెస్' దుకాణాలైంది. మన దేశపు చేతిపనులూ వాటిలోకి వచ్చాయి. అక్కడ వస్తువుకి ఒక చీటీ కట్టి ఉంటుంది. ఏ దేశంలో చేశారో, చాలాసార్లు ఎవరు చేశారో కూడా రాస్తారు. విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలని అమెరికా 1890లో చట్టం చేసింది. దాంతో ఆ గాజు గుండ్ల పెట్టెల మీద 'జర్మనీ' అని మాత్రం అచ్చు పడేది. ఊదినవాడి పేరు గానీ, గంప మోసినావిడ పేరు గానీ ఉండేది కాదు. మా పెద్దమ్మ లేసు మీదా అంతే. ఏజెంటు పుస్తకంలో ఆవిడ పేరుకి ఎదురుగా ఎన్ని పువ్వులో అంకె ఒకటి ఉండేది.