బాలింత పథ్యం: నెయ్యి, నూనె, మనసు

కుందారపల్లి చుట్టుపక్కల మీ ఇంట్లో కాన్పు అయిందంటే పెద్దవాళ్ళ చూపు ముందు నెయ్యి గిన్నె మీదికీ నూనె జాడీ మీదికీ పోతుంది కదా! కడుపులోకి నెయ్యితో కాయం, ఒంటికి మంచినూనె.

ఈ వాడుక నిన్నమొన్నటిది కాదు. చరక సంహిత శారీరస్థానంలోనే ఉంది. బాలింతకు ఆకలి వేయగానే నెయ్యో నూనో పిప్పళ్ళు, శొంఠి వంటి వాటి పొడితో కలిపి, అరిగినంత మేరకే ఇవ్వాలట. పొట్టకు నెయ్యీ నూనే రాసి గుడ్డ చుట్టాలట. సంస్కృతంలో వీటికి స్నేహమని పేరు. ప్రేమకూ అదే మాట.

మరి బాలింత మనసు సంగతి? ఊరికే ఏడుస్తుంది, నిద్ర పట్టదు, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. గాలి సోకిందని కొందరు, పథ్యం తప్పిందని కొందరు అంటారు. 1858లో ఫ్రాన్సులో మార్సే అనే వైద్యుడు గర్భిణుల, బాలింతల మానసిక వ్యాధుల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు.

తిండిలోని కొవ్వుకూ దీనికీ ముడిపెట్టి చూడడం చాలా తర్వాతి మాట. చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు మెదడుకు అవసరం. కడుపులోని బిడ్డకు అవి తల్లి ఒంట్లోంచే అందాలి. తల్లికి కొరత పడితే మనసు కుంగుతుందా? 2002లో హిబ్బెల్న్ అనే అమెరికా పరిశోధకుడు 23 దేశాల లెక్కలు పోల్చి, చేపలు ఎక్కువ తినే చోట బాలింతల కుంగుబాటు తక్కువని చూపాడు. చాలామంది ఆశపడ్డారు. అయితే దేశానికీ దేశానికీ తేడా చేప ఒక్కటేనా? ఆస్ట్రేలియాలో సుమారు 2,400 మంది గర్భిణులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చేపనూనె మాత్రలు, రెండో జట్టుకు మామూలు నూనె మాత్రలు ఇచ్చి చూశారు. ఫలితం 2010లో వచ్చింది. కుంగుబాటులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మన మెట్టచేలలో పండే నువ్వుల్లో, వెర్రినువ్వుల్లో ఉండేది ఎక్కువగా వేరే రకం కొవ్వు. ఒమేగా-3 కావాలంటే అవిసె గింజల్లో ఉంది. అన్నట్టు, వెర్రినువ్వులు కన్నడంలో హుచ్చెళ్ళు, తమిళంలో పేయెళ్ళు. మూడు భాషలవాళ్ళూ పాపం ఆ గింజకు పిచ్చో దయ్యమో అంటగట్టారు! పేరు చూసి బాలింతకు ఆ నూనె మానిపించనక్కర లేదు.

మనకు దగ్గరి లెక్క వేలూరు పక్కన కణియంబాడిది. 2002లో అచ్చయిన ఆ అధ్యయనంలో కాన్పు తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చినవారు నూటికి 11 మంది. అక్కడ బయటపడిన కారణాలు వినండి: చాలీచాలని రాబడి, మగబిడ్డ కోసం చూస్తే ఆడపిల్ల పుట్టడం, అత్తగారితోనో కన్నవారితోనో పొరపొచ్చాలు, పనిలో చెయ్యందించే మనిషి లేకపోవడం. కాయం ముద్ద మంచిదే. కానీ ఆడపిల్ల పుట్టిందని మొహం తిప్పుకుంటూ పెట్టిన ముద్దలో నెయ్యి ఎంత ఉంటే మాత్రం ఏం లాభం?

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. చనిపోవాలనో, బిడ్డను ఏదైనా చేయాలనో అనిపిస్తోందని ఆమె అంటే ఆ రోజే తీసుకుపోండి, ఒంటరిగా వదలకండి. హోసూరు నుంచి బస్సులో పోయేంత దూరంలోనే, బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2009లో మొదలైన ప్రత్యేక వార్డులో తల్లినీ బిడ్డనూ విడదీయకుండా ఒకేచోట ఉంచి వైద్యం చేస్తారు.