గ్రామోద్యోగుల ప్రతిఫలము - సామర్థ్యపరీక్ష

ఉద్యోగి చేసిన పనిని తూచి, దానికి తగిన ప్రతిఫలము నిచ్చుట పరిపాలనాశాస్త్రమున ముఖ్యవిషయము. ఇది క్రొత్తగా పుట్టిన సమస్య కాదు. తెలుగుదేశపు గ్రామములలో చిరకాలముగా నలిగిన సమస్యయే. జీతమెంత యను ప్రశ్నకు వెనుక మరి రెండు ప్రశ్నలు కలవు: ప్రతిఫల మిచ్చువా డెవడు? పనిని పరీక్షించువా డెవడు? ఈ రెండు అధికారములు వేరు వేరు చేతులలో నున్నప్పుడు ఏమి జరుగునో కరణీకపు చరిత్ర తెలుపగలదు. ఆ చరిత్రను ప్రధానముగా పూర్వపు మద్రాసు రాజధాని శాసనములను బట్టి ఇచ్చట సంగ్రహముగా పరిశీలింపదలచితిమి.

గ్రామమునకు కావలసిన పనులు చేయువారిని పన్నిద్దరుగా లెక్కించి ఆయగాండ్రనుట వాడుక. ఆ పట్టిక అన్ని యూళ్లలో ఒకేరీతిగా లేదు. అయినను రెడ్డి, కరణము, తలారి, నీరటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగువారు తరచుగా కన్పట్టుదురు. వీరికి నెలజీతములు లేవు. మాన్యపు భూములును, కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు ముట్టు మేరలును వీరి జీవనాధారములు. పంట పండిన యేట ఊరితోపాటు ఆయగాడును నిండుగా తినెడివాడు. ఎండిన యేట ఊరితోపాటు నష్టపడెడివాడు. కర్రు సరిగా కొట్టని కమ్మరి కళ్లములో ఆ రైతు నెదుటనే నిలువవలసి యుండెను. అచ్చట ఇచ్చువాడును పరీక్షించువాడును ఒక్కడే.

కరణము స్థితి వేరు. అతని మేర ఊరిపంటనుండి వచ్చునది; అతని లెక్కలను కోరునది సర్కారు. ఊరిపై పన్నుభారము తగ్గునట్లు లెక్క వ్రాసిన కరణము ఊరికి మంచివాడు, సర్కారునకు ద్రోహి. ఉన్నది ఉన్నట్లు వ్రాసినవాడు సర్కారునకు విశ్వాసపాత్రుడు, ఊరికి శత్రువు. ఇక ఆ లెక్కల మర్మ మెరిగినవారు ఊరిలో అరుదు. సాధువైన కరణమును లోకము లెక్కసేయదని సుమతీశతకకర్త చెప్పుటకు ఇదియే కారణమై యుండునని మా యూహ. పనికి కొలత లేనిచోట భయమే కొలత యగును.

ఆంగ్లేయ ప్రభుత్వము 1802వ సంవత్సరమున జమీందారీ శాశ్వత పరిష్కారముతోపాటు కరణములను గూర్చి ప్రత్యేకముగా 29వ రెగ్యులేషనును చేసెను. ఖాళీ యేర్పడినచో గతించిన కరణము వారసునే జమీందారు నియమింపవలెను. వారసుడు అసమర్థుడని జిల్లా న్యాయాధిపతి యెదుట రుజువైననే ఇతరుని నియమింప వీలుండెను. ఈ నిబంధనను శ్రద్ధగా గమనింపవలెను. శాసనమునకు అసమర్థత తెలియును, సామర్థ్యతారతమ్యము తెలియదు. పని చెడగొట్టినవానిని తొలగించు త్రోవ కలదు గాని, ఇద్దరిలో మేలైన పనివానిని ఎన్నుకొను త్రోవ లేదు.

1858లో ఏర్పడిన ఈనాము కమిషను కృషి ఫలితముగా సేవామాన్యములు పెక్కు సేవాబంధమునుండి విడివడి, పన్ను చెల్లించు సొంత భూములయ్యెను. 1864వ సంవత్సరపు 4వ శాసనముచే గ్రామపు సెస్సు విధింపబడి, దానినుండి గ్రామోద్యోగులకు రొక్కపు జీతము లీయబడెను. ఇట్లు ఊరి కళ్లమునకును ఉద్యోగికిని గల బంధము సడలినది. పరీక్షాధికారము కలెక్టరు కచేరీకి చేరినది. వారసత్వము మాత్రము చెక్కుచెదరలేదు. 1895వ సంవత్సరపు 3వ శాసనము విద్యార్హతలను కోరెను. కాని వారసుడు పసివాడైనచో అతని పేరు నమోదుచేసి, అతడు పెరిగి అర్హత సంపాదించు పర్యంతము మరియొకనిచే పని జరిపించుటకు అదియే అవకాశ మిచ్చెను. పనిచేయువా డొకడు, ఉద్యోగస్వామి మరియొకడు! ఆ శాసనపు 6వ సెక్షను, గ్రామములను కలిపి గాని విడదీసి గాని క్రొత్త ఉద్యోగము లేర్పరచినప్పుడు మిక్కిలి అర్హుడైనవానిని ఎన్నుకొమ్మనెను. అయితే పూర్వోద్యోగుల కుటుంబములలోనుండియే యని హద్దు గీచెను.

ఆ హద్దును 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు చెరిపివేసినది. ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన ఒక గ్రామమునసబు వ్యాజ్యములో, వంశమును బట్టి ఉద్యోగ మిచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. పిదప 1984 జనవరిలో రాష్ట్రప్రభుత్వము అర్ధకాలిక గ్రామోద్యోగములను రద్దుచేయగా, కోస్తా, రాయలసీమల కరణ మునసబులతోపాటు తెలంగాణపు పటేలు పట్వారీల వ్యవస్థయు అంతరించెను. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించెను.

వారసత్వమువలన మేలు లేకపోలేదు. పొలిమేరల జ్ఞానము, దండకవిలెలు తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటచేతనే మెకంజీ కైఫీయతులలో పెక్కింటికి ఆధారము లభించినది. మన చరిత్రపరిశోధన కరణముల వ్రాతకు ఋణపడి యున్నది. కాని ఆ జ్ఞానమునకు ప్రతిఫలముగా లభించినది పుట్టుకహక్కు. చక్కగా వ్రాసినవానికిని, వ్రాయనివానికిని అదియే హక్కు. కరణము నిందకు పాత్రుడగుటకు వ్యక్తిదోషముకంటె ఈ ఏర్పాటే ప్రధానకారణమని మా అభిప్రాయము. మేరనుండి జీతమునకు మారుటతో ఇచ్చువాడు మారెను గాని, మేలైన పనిని గుర్తించు కన్ను ఏర్పడలేదు. ప్రతిఫలచరిత్రను వ్రాయబూనువారు జీతపు మొత్తములతో తృప్తిపడక, పనిని ఎవరు, దేనితో తూచిరో కూడ విచారింపవలెను.