ధాన్యం బస్తాల్లో ప్లేస్టేషన్ ధర

వీడియో గేమ్ కన్సోళ్ళ చరిత్ర చెప్పేవాళ్ళంతా 1972లో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీతో మొదలెడతారు. నాకు మాత్రం 1977 దగ్గర మొదలెట్టాలనిపిస్తుంది. ఆ సెప్టెంబరులో అమెరికాలో అటారీ కన్సోల్ అమ్మకానికొచ్చింది. అక్టోబరులో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సర్కారు లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది పోయారు. మా అవనిగడ్డ వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ సంగతైనా ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత అనే చెబుతారు. అటారీ మా వైపు రాలేదంటే వింతేముంది, ముందు ఇళ్ళు కట్టుకోవాలి కదా!

మా దాకా వచ్చింది నింటెండో, అదీ నకిలీ రూపంలో. 1983లో జపాన్‌లో ఫ్యామికాం వచ్చింది. దాన్నే 1985లో అమెరికాకి తెచ్చేటప్పుడు ఒక తాళం చిప్ పెట్టారు. కన్సోల్లో ఒకటి, క్యాసెట్లో ఒకటి. రెండూ ఒకే ప్రోగ్రామును అడుగులో అడుగేస్తూ నడపాలి, తేడా వచ్చిందంటే కన్సోల్ రీసెట్ అవుతూనే ఉంటుంది. జపాన్ పెట్టెలో ఈ తాళం లేదు. అందుకే తైవాన్, చైనా వాళ్ళు దాన్ని సుబ్బరంగా కాపీ కొట్టారు. 2005 ప్రాంతంలో గుడివాడ షాపుల్లో మేం నోరెళ్ళబెట్టి చూసిన "టీవీ గేమ్" అదే. కాంట్రా, మారియో, క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని రాసుండేది. తిప్పి తిప్పి చూస్తే అవే పాతిక ఆటలు :)

అసలు పెట్టె కావాలంటే ఫారిన్ నుంచి ఎవరో తేవాలి. తెచ్చినా తిప్పలే. అమెరికావి చాలావరకు 110 వోల్టులకి చేసినవి, మనది 230. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే ఒకటే పొగ. ఎన్‌టీఎస్‌సీ బొమ్మ మన పాత పాల్ టీవీల్లో రంగు లేకుండా వచ్చేది. డీవీడీలకి వాళ్ళది రీజియన్ 1, మనది 5. ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో 2005లో వస్తే ఇండియాకి 2006లో వచ్చింది. 2017లో స్విచ్ విడుదలైనప్పుడైతే ఆ దేశాల జాబితాలో మనం లేనే లేం. 1611లో ఇంగ్లీషు కంపెనీ బందరులో దిగినప్పుడు కూడా దాని ఉద్యోగులు కంపెనీ సరుకుతో పాటు సొంత సరుకు ఓడెక్కించేవాళ్ళు. మన ఎన్నారై సూట్‌కేసుకి అదే తాత అనుకోండి.

పీఎస్5 అమెరికాలో 2020 నవంబరులో 499 డాలర్లకి వచ్చింది, ఇండియాలో 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకి. అప్పటి మారకంలో 499 అంటే 36 వేల చిల్లర. నేను ఇక్కడ ఉద్యోగంలో కుదురుకున్నాక కొన్న మొదటి ఖరీదైన వస్తువు అదే. ఫోన్లో చెబితే నాన్న వెంటనే లెక్క కట్టారు. ఆ ఏడాది వరి మద్దతు ధర క్వింటాలుకి 1,868, అంటే 75 కిలోల బస్తా 1,400. "ఇరవయ్యారు బస్తాలు. సార్వాలో ఎకరం పంట తీసుకెళ్ళి టీవీ కింద పెట్టావన్నమాట" అన్నారు. కోపంగా కూడా కాదు, మామూలుగా. ఆ ఎకరాల మీదే నా ఇంజినీరింగ్ ఫీజు కట్టిన మనిషి. ఏం సమాధానం చెప్తాం?

2023 సంక్రాంతికి దాన్ని ఊరికి పట్టుకెళ్ళాను. ఇది 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ గొడవ లేదు. నాన్నకి ఫార్మింగ్ సిమ్యులేటర్ పెట్టి చూపించా. ట్రాక్టర్లు, కోత మిషన్లు అన్నీ శ్రద్ధగా చూసి "గోధుమలున్నాయి, మొక్కజొన్న ఉంది. వరేదిరా?" అన్నారు. అప్పటికి లేదు. 2024 నవంబరులో వచ్చిన భాగంలో వరి పెట్టారు, మడికి నీళ్ళు పెట్టడంతో సహా. ఆ ముక్క ఫోన్లో చెప్పాను.

"మద్దతు ధర ఎంతిస్తున్నారట?" అన్నారు.