గండుపిల్లుల్లో మూత్రనాళ అవరోధం

గండుపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోయే అత్యవసర స్థితి ఇది. నాళం చివర మరీ సన్నగా ఉండటం వల్ల గండుపిల్లుల్లోనే ఎక్కువ, ఆడవాటిలో అరుదు. జిగురు, స్ట్రువైట్ స్ఫటికాలు కలిసి గట్టిపడిన బిరడా, చిన్న రాయి, లేదా వాపుతో నాళం బిగుసుకోవడం కారణాలు.

పిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలోకి వెళ్లి ముక్కుతుంది, అరుస్తుంది, చుక్క పడదు. మలబద్ధకమనుకుని ఊరుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పికని ఇంట్లోని పారాసిటమాల్ వేయడం మరీ ఘోరం, పిల్లులకు అది విషం.

రోగనిర్ధారణకు చాలావరకు డాక్టరు చెయ్యి చాలు. పొట్ట తడిమితే మూత్రాశయం బత్తాయంత ఉబ్బి గట్టిగా తగులుతుంది. గట్టిగా నొక్కితే చిట్లవచ్చు. అసలు ముప్పు రక్తంలో పేరుకునే పొటాషియంతో: గుండె వేగం పడిపోతుంది. అందుకే ఇసిజి చూస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాసేపు కాపాడుతుందంతే. తగ్గించడానికి గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇస్తారు, సెలైన్ పెడతారు. తర్వాత మత్తిచ్చి, కాథెటర్‌తో సెలైన్ చిమ్ముతూ అడ్డును వెనక్కి నెట్టి దారి తెరుస్తారు. అడ్డు తొలగాక మూత్రం ధారాళంగా పోతుంది. ఆ మేరకు సెలైన్ పెంచకపోతే ఒంట్లో నీరు తగ్గిపోతుంది.

రాళ్లున్నాయేమో ఎక్స్‌రేలో చూస్తారు. స్ట్రువైట్ రాళ్లు ప్రత్యేక ఆహారంతో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్‌వి కరగవు. సమస్య తిరగబెట్టడం మామూలే. తడి ఆహారం, ఎక్కువ నీరు మేలు. పదేపదే మూసుకుపోతే సన్నని భాగం తీసేసి, వెడల్పు ద్వారం ఏర్పరిచే శస్త్రచికిత్స చేస్తారు.