సురేకారపు చల్లదనము

గాజుగ్లాసులను శీతలయంత్రములో చల్లబరచి అతిథులకు పానీయము లందించుట నేడు మనకు వింత కాదు. అక్బరు చక్రవర్తి కొలువులో ఈ చలువను సురేకారముతో సాధించిరి. తుపాకిమందులో మంట రేపు పదార్థమే దాహమునకు చల్లదన మిచ్చుట విశేషము.

ఆ విధానమును అబుల్ ఫజల్ ‘అయినీ అక్బరీ’లో వివరించెను. తగరపు కూజాలోనో వెండి కూజాలోనో నీరు నింపి మూతి బిగింతురు. వేరొక పాత్రలో 5 సేర్ల నీటిలో 2½ సేర్ల సురేకారము కలిపి, అందు కూజాను పావుగంట త్రిప్పుదురు. కరగునపుడు సురేకారము వేడిని గ్రహించును. కూజాలోని నీరు చల్లబడును.

1586 ప్రాంతమున చక్రవర్తి పంజాబులో నుండగా ఉత్తరపు కొండల మంచు వాడుకలోనికి వచ్చెను. వేసవిలో అందరును, ప్రభువులు మాత్రము ఏడాది పొడవునను దానిని వాడెడివారు.

నాటి గ్రుక్కెడు చల్లనీటి వెనుక పావుగంట కూజా త్రిప్పిన చేయి కలదు. ప్రభువు పేరు మనకు తెలియును. ఆ చేతివాని పేరు తెలియదు.