పరగడుపున రావాలి

తెల్లవారుజాము అయిదుంబావు. మాధవరం స్టేజీలో నిలబడి ఉన్నావు. ఒక చేతిలో అమ్మ ఫైలున్న కవరు, ఇంకో చెయ్యి అమ్మ మోచేతి కింద. తుంగభద్ర మీదనుంచి వచ్చే గాలి చెవుల్లో దూరుతోంది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, "యాలైతాందేమో నాయనా" అంటోంది. మూడోసారి అనడం.

ఫైలుకు పిన్ను కొట్టిన చీటీ మీద రెండే సంగతులు. గురువారం పది గంటలకు. పరగడుపున రావాలి. 'పరగడుపున' కింద ఎర్రసిరాతో గీత. పది దాటితే పరగడుపు పరీక్షకు రక్తం తీసుకోరు. పోయినసారి పావుగంట ఆలస్యమై వట్టి చేతులతో తిరిగొచ్చారు. మళ్లీ నెల రోజులు ఆగారు. అందుకే ఇవాళ నాలుగింటికే లేచారు.

వంతెన దాటితే కర్ణాటక, రాయచూరు దగ్గర. కానీ అమ్మ చక్కెర జబ్బు చూసే డాక్టరు కర్నూల్లో. పాత రిపోర్టులన్నీ అక్కడివే. ఇక్కడికి వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది.

వంతెన దిక్కు నుంచి రెండు లైట్లు. పెద్దవవుతున్నాయి. బస్సే.

చెయ్యెత్తాలా, వద్దా? ఇది రాయచూరు నుంచి వస్తున్న బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ టికెట్టు లేదు గానీ, రాష్ట్రం దాటి వచ్చే బస్సులకు అది వర్తించదు. పల్లెవెలుగు కోసం ఆగితే అమ్మకు డబ్బులు మిగులుతాయి. అమ్మ కూడా అదే లెక్క వేస్తోంది, నీ చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది. కానీ ఆ బస్సు ఎప్పుడొస్తుందో, ఎన్ని ఊళ్లలో ఆగుతుందో. ఎమ్మిగనూరులో కర్నూలు బస్సు తప్పితే ఇంకంతే.

చెయ్యెత్తుతావు. ఇద్దరికీ టికెట్టు కొడతావు. అమ్మ మంత్రాలయం దాకా మాట్లాడదు.

మంత్రాలయంలో జనం. గురువారం, రాఘవేంద్రస్వామి వారం. తడితల ఆరని భక్తులు బస్సును చుట్టుముడతారు. పది నిమిషాలు అక్కడే పోతాయి. నువ్వు ఫోన్లో టైము చూసుకుంటావు. జేబులో పెడతావు. మళ్లీ తీస్తావు.

ఎమ్మిగనూరులో దిగేసరికి ఏడు కావస్తోంది. సోమప్ప సర్కిల్ దాటి బస్టాండులోకి వచ్చాక ముందు ముక్కుకు తగిలేది వగ్గాని వాసన. బాండ్లీలో మిరపకాయ బజ్జీలు చుయ్‌మంటున్నాయి. ఆకులో పసుపుపచ్చటి బొరుగులు, పైన పప్పుల పొడి. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఒక జొన్న రొట్టె తిన్నది అమ్మ, ఆ తర్వాత నీళ్లే. ఆమె బండి వైపు చూసి, చూపు తిప్పుకుంటుంది. నీకు ఆకలి దంచేస్తోంది. ఆమె ముందు ఎలా తింటావు? తినవు.

ఫాస్టింగ్ పరీక్షకు ఎనిమిది గంటలు తినకుండా ఉంటే చాలు. ఆసుపత్రి పక్కవీధిలో ఉండే మనిషి రాత్రి పదికి తిని, పడుకుని లేచి, ఏడింటికి నడిచిపోయి రక్తం ఇచ్చి ఇంటికొచ్చి ఇడ్లీ తింటాడు. మాధవరం నుంచి పోయే మనిషికి ఆ ఎనిమిది కాస్తా పద్నాలుగవుతాయి. చీటీలో పది గంటలు అని రాశారు. అమ్మకు ఆ పది నిన్న రాత్రి ఎనిమిదికే మొదలైంది.

కర్నూలు బస్సు కదులుతోంది. "రా మా, రా మా" అంటూ ఎక్కిస్తావు. కండక్టరు ఆధార్ కార్డు చూసి అమ్మకు సున్నా టికెట్టు ఇస్తాడు. అమ్మ దాన్ని మడిచి రవికెలో దోపుకుంటుంది. ఈ బస్సుకైనా డబ్బులు మిగిలాయన్న తృప్తి ఆ మొహంలో ఇట్టే తెలిసిపోతుంది. ముందు సీట్ల మధ్య మూటలు, బిందెలు, నిద్రపోతున్న పిల్లలు. సుగ్గికి పోతున్న కుటుంబాలు. ఈ ఏడాది కూడా పనులు లేక గుంటూరు దిక్కు పత్తి తీయడానికి బయల్దేరినవాళ్లు. నీ భుజానికి ఒక మూట ఆనుకుని ఉంటుంది. పక్కకు జరపవు. జరపడానికి చోటు లేదు.

గోనెగండ్ల దాటుతుంది. గాజులదిన్నె దిక్కు నుంచి చల్లటి గాలి. కిటికీ అద్దం సరిగా పడదు. నీ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అమ్మ తల నీ భుజం మీద వాలింది. పడుకుంది పాపం అనుకుంటావు. తలమీద చెయ్యి వేస్తావు.

తడి.

వంగి చూస్తావు. పైపెదవి మీద చెమట. నుదుటి మీద చెమట. ఇంత చలిలో. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది. మంచులా ఉంది.

"అమ్మా."

కళ్లు తెరుస్తుంది. నీ వైపే చూస్తుంది. "మీ నాయన వచ్చినాడా? అన్నం పెట్టల్ల" అంటుంది.

నాయన పోయి ఆరేళ్లు.

గుండె జారిపోతుంది.

"అమ్మా, పొద్దున మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్న. రోజూ ఏసుకునేదే గదా."

తెలిసిపోయింది. అది టిఫినుకు ముందు వేసుకునే మాత్ర. ఒంట్లో ఇన్సులిన్‌ను ఊరించే మాత్ర. కడుపులో తిండి ఉన్నా లేకున్నా దాని పని అది చేసుకుపోతుంది. తిండి రాలేదు. ఉన్న చక్కెరనే లాగేసింది. పరగడుపున రమ్మన్న రోజు ఈ మాత్ర ఆపాలని చీటీలో లేదు. నువ్వూ అడగలేదు.

చక్కెర కావాలి. ఇప్పుడే.

కానీ చక్కెర నోట్లో పడితే పరీక్ష పోతుంది. నెల రోజుల ఎదురుచూపు పోతుంది. నాలుగింటికి లేచింది పోతుంది. ఎర్రగీత కళ్లముందు ఆడుతుంది.

ఒక్క క్షణం ఆగుతావు. ఆ ఒక్క క్షణం ఆగినందుకు తర్వాత చాలాసార్లు నొచ్చుకుంటావు.

లేస్తావు. అరుస్తావు. "చక్కెర ఉందా? ఎవురి దగ్గరన్నా చక్కెర? మాయమ్మకు చక్కెర తగ్గిపోయింది!"

బస్సంతా తిరిగి చూస్తుంది. కండక్టరు ముందు నుంచి, "ఆపల్లనా? 108కి కొట్టల్లనా?"

ఆపాలా? అమ్మ మొహం చూడు. కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలుకుతోంది. మింగగలదు. తేల్చేది అదే. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు 108 ఒక్కటే దారి.

"వద్దన్నా, పోనీ. నీళ్లు ఇయ్యి."

ముందు సీటులో నుంచి ఒకామె అప్పటికే మూట ముడి విప్పుతోంది. నీ భుజానికి ఆనుకున్న మూటే అది. ముడి బిగుసుకుపోయింది. పంటితో లాగుతుంది. లోపల బియ్యం సంచి, చింతపండు ముద్ద, టీపొడి పొట్లం, దాని కింద ప్లాస్టిక్ కవరులో చక్కెర. రెండు నెలల సుగ్గికి టీలకు కట్టుకున్న చక్కెర. చెంచా లేదు. గుప్పెడు తీసి కండక్టరు సీసా మూతలోకి వంపుతుంది. సగం అమ్మ చీర మీద పడుతుంది.

"తాపించు. నిదానంగా తాపించు."

నీళ్లు పోస్తావు. వేలితో కలుపుతావు. కరిగిందో లేదో. మూత అమ్మ పెదవులకు ఆనిస్తావు. మింగింది. ఇంకో మూత. మింగింది. ఇంకోటి.

మూడు నాలుగు చెంచాలంత చక్కెర, తర్వాత పావుగంట ఆగి చూడటం. తగ్గకపోతే మళ్లీ అంతే. ఎప్పుడో విన్నది గుర్తొస్తుంది. టైము చూస్తావు. ఎనిమిదీ పదమూడు. ఇప్పుడు లెక్క పెట్టేది పది గంటలకు కాదు.

ఎనిమిదీ ఇరవై. చెమట అలాగే ఉంది.

ఎనిమిదీ ఇరవై నాలుగు. చెయ్యి వణుకు తగ్గింది. తగ్గిందా? పట్టుకుని చూస్తావు. తగ్గింది.

ఎనిమిదీ ఇరవై ఎనిమిది. అమ్మ సర్దుకుని కూర్చుంటుంది. చీర మీద పడ్డ చక్కెర చూసుకుని, "ఎవురిదిది? ఎంత పారబోసినారు" అంటుంది.

ముందు సీటామె నవ్వుతుంది. నీకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

కోడుమూరు వస్తుంది. దిగి ఇక్కడి సర్కారాసుపత్రిలో చూపించాలా, కర్నూలు పోవాలా? అమ్మ తేటగా మాట్లాడుతోంది, ఊరి పేరు చెబుతోంది, నీ పేరు చెబుతోంది. పోవచ్చు. కానీ ఈ మాత్ర బలం గంటల తరబడి ఉంటుంది. తాపిన చక్కెర అయిపోయాక మళ్లీ కిందికి లాగుతుంది. కడుపులో నిలిచే తిండి పడాలి. కిటికీలోంచే రెండు అరటిపళ్లు, బిస్కెట్ల పొట్లం కొంటావు. డ్రైవరు రెండు నిమిషాలు ఎక్కువే ఆపాడు. ఎవరూ విసుక్కోలేదు. సుగ్గి పిల్లలకు ఇంకో పొట్లం కొంటావు. వాళ్లమ్మ వద్దంటుంది, పిల్లలు అప్పటికే చించేశారు.

కర్నూలు. బళ్లారి చౌరస్తాలోనే దిగిపోతావు. బస్టాండులోకి పోయి రావడం ఎందుకు, ఇక్కడే ఆటో దొరుకుతుంది. తొమ్మిదీ నలభై. ఆసుపత్రి మెట్లెక్కేసరికి తొమ్మిదీ యాభై రెండు. రక్తం తీసే కిటికీ ముందు ఆరుగురు. నీ వంతు పదికి రెండు నిమిషాలుండగా వస్తుంది.

సమయానికి వచ్చావు.

కిటికీ లోపలి అమ్మాయి సూది చింపుతూ అడుగుతుంది. "ఏమైనా తిన్నారా?"

అమ్మ నీ వైపు చూస్తుంది. నువ్వు లేదంటే లేదంటుంది. లేదంటే పనైపోతుంది, నెల మిగులుతుంది. కానీ ఆ రక్తంలో చక్కెర, అరటిపండు, బిస్కెట్లు ఉన్నాయి. అంకె పైకి వస్తుంది. పరగడుపునే ఇంతుందా అని డాక్టరు మాత్ర పెంచుతాడు. ఇవాళ బస్సులో ఆమెను పడేసిన మాత్రనే.

"తిన్నది. దావలో చక్కెర పడిపోయింది. తినిపించినా."

అమ్మాయి చేతిలో సూది ఆగుతుంది. నిన్ను చూస్తుంది, అమ్మను చూస్తుంది. "నేరుగా డాక్టరు దగ్గరికి పోండి. ఆగొద్దు" అంటుంది.

డాక్టరు వేలికి గుచ్చి చూస్తాడు. ఇప్పుడు బాగానే ఉందంటాడు. అయినా సాయంత్రం దాకా తిండి తప్పొద్దు, రెండు మూడు సార్లు గుచ్చి చూపించుకుని గానీ బస్సెక్కొద్దు అంటాడు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఇవాళే రాస్తాడు. హెచ్‌బీఏ1సీ అంటారు. దానికి తిన్నా తినకున్నా ఒకటే. మాత్ర సంగతి ఆ రిపోర్టు చూసి తేలుస్తానంటాడు. నెల ఆగకుండానే పని జరుగుతోంది. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే అనిపిస్తుంది. అడగడానికి నువ్వు కూడా ఇవాళ్టి దాకా నోరు తెరవలేదు.

ఇప్పుడు తెరుస్తావు. చీటీ బల్ల మీద పెడతావు. "సార్, మాది మాధవరం. వచ్చేదానికి అయిదు గంటలు పడుతుంది. పరగడుపున రమ్మన్న పొద్దు మాత్ర ఏమి చెయ్యల్లనో దీంట్లోనే తెలుగులో రాయండి."

ఆయన తలెత్తి చూస్తాడు. పెన్ను తీస్తాడు. ఎర్రగీత కింద పెద్ద అక్షరాలతో రాస్తాడు: మాత్ర ఇంట్లో వేసుకోవద్దు. రక్తం ఇచ్చి, తిన్నాకే.

బయట వరండాలో అమ్మ అప్పటికే బెంచీ మీద కూర్చుని సంచి విప్పుతోంది. గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు, మధ్యలో ఎర్రకారం. రొట్టె తుంచి ముందు నీ చేతిలో పెడుతుంది.